వేట, వల, పడవ: రక్షణశాసనముల పూర్వోత్తరములు

ఈ సంవత్సరపు సభాసంచికకు మన వృత్తిని గూర్చిన చరిత్రవ్యాస మొకటి వ్రాయుమని కార్యకర్తలు నన్ను కోరిరి. కులప్రశంసలును గోత్రనామావళులును ఇట్టి సంచికలలో పెక్కుమాఱులు వెలువడినవి. సత్యవతీదేవి దాశరాజు నింట పెరిగిన కథయు, గుహుడు శ్రీరామచంద్రుని గంగ దాటించిన కథయు మన పిల్లలకు నేను క్రొత్తగా చెప్పనక్కఱలేదు. చెప్పవలసిన దింకొకటి కలదు. వలవేయువానిని, వేటాడువానిని, పడవ నడపువానిని రాజ్యము ఏ నియమములతో బంధించినది? ఆ నియమములను నడపు అధికారి యెవడు? అతడు మనకు పగవాడా, చుట్టమా? ఈ ప్రశ్నలకు చరిత్ర చెప్పు సమాధానమును యథాశక్తి మనవి చేసెదను.

జఫర్‌గఢ్ పేరు వినగానే ఎల్లరకును కోట జ్ఞప్తికి వచ్చును. 18వ శతాబ్దమున ఓరుగంటి సీమను పాలించిన జఫరుద్దౌలా పేర వెలసిన యీ దుర్గము గుట్టలపై నేటికిని నిలిచియున్నది. మొన్నమొన్నటివఱకు వరంగల్లు జిల్లాలో నుండి, 2016 అక్టోబరులో జనగామ జిల్లాలో చేరిన యీ ప్రాంతమునకు పెద్ద నదులు లేవు. గొలుసుకట్టుగా నొకదాని మత్తడినీరు వేఱొకదానిలో పడునట్లు పెద్దలు కట్టించిన చెఱువులే యిచటి ప్రాణాధారము. కోట కట్టినవాడు మనుష్యశత్రువునుండి తనవారిని కాపాడుకొన దలచెను. కోటక్రింది చెఱువునకును, అందలి చేపకును, గుట్టలవెనుకటి యడవికిని కోట యేది? రాళ్లతో కట్టని యా కోటకే శాసనమని పేరు.

కౌటిల్యుని అధ్యక్షులు

ఈ విషయమున మనకు లభించిన ప్రాచీనగ్రంథములలో ముఖ్యమైనది కౌటిల్యుని యర్థశాస్త్రము. చిరకాలము కనుమఱుగైయున్న యీ గ్రంథపు తాళపత్రప్రతి 20వ శతాబ్దారంభమున మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శామశాస్త్రిగారి చేతికి చిక్కి, 1909 సంవత్సరమున అచ్చుపడినది. దానిలోని రెండవ యధికరణమున సూనాధ్యక్షుడు, నావధ్యక్షుడు అను నిరువురు అధికారుల ధర్మములు వేఱువేఱు ప్రకరణములుగా వివరింపబడినవి. మొదటివాడు జంతువధను, మాంసవిక్రయమును కనిపెట్టువాడు. రెండవవాడు పడవలను, రేవులను, జాలరులను కనిపెట్టువాడు. నేటి అటవీశాఖాధికారి, మత్స్యశాఖాధికారి, పడవల తనిఖీదారు అను మువ్వురి పనియు ఆనాడే యీ యిద్దఱి పాలు పడినదన్నమాట.

సూనాధ్యక్షుడు చేయవలసిన దేమి? రాజు అభయమిచ్చిన మృగములను, పక్షులను, చేపలను, అభయవనమున నివసించువానిని పట్టినను చంపినను హింసించినను ఉత్తమదండము విధింపవలెను. వాడుకగా చంపబడని చేపలను, పక్షులను చంపినచో 26¾ పణములు దండుగ. మృగములైనచో దానికి రెట్టింపు. ఇంతవఱకు శిక్షయే. కాని యాచార్యుడు శిక్షతో నిలువలేదు. వేటగాండ్రు పట్టి తెచ్చిన బ్రతికియున్న పక్షిమృగములలో ఆఱవపాలు మఱల అభయవనమున విడిచిపెట్టవలెనని విధించెను. పన్నుగా వచ్చిన ప్రాణి బొక్కసమునకు గాక యడవికే పోవలె ననుట గమనింపదగినది. మూలధనమును తినక వడ్డితో బ్రతుకు గృహస్థుని నీతి యిదియే.

ఇక నావధ్యక్షుడు. జాలరులు తమకు దొరకినదానిలో ఆఱవపాలు పడవసుంకముగా నీయవలెను. చెఱువులలోని చేపలపైనను, అందు తిరుగు తెప్పలపైనను స్వామ్యము రాజుది. వేళకాని వేళ, రేవుకాని రేవున నది దాటువానికి దండుగ తప్పదు. అయితే యీ దండుగనుండి కొందఱిని ఆచార్యుడు విడిచిపెట్టెను. ఆ మినహాయింపు పట్టికలో మొట్టమొదటి పేరు కైవర్తునిది, అనగా జాలరిది. పిదప కట్టెలమోపు మోయువాడు, గడ్డిమోపు మోయువాడు, పూలతోటవాడు, పండ్లతోటవాడు, పసులకాపరి వచ్చుచున్నారు. నీటితో నిత్యము పనిగలవానిని, నీటిపై దొంగతనముగా తిరుగువానిని ఒక్క త్రాసున తూచరాదని కౌటిల్యుని యభిప్రాయము.

ఇంతకంటె నాశ్చర్యకరమైన నియమ మింకొకటి కలదు. తగినంతమంది మనుష్యులు లేకయో, తగిన సాధనములు లేకయో, మరమ్మతు లేకయో పడవ మునిగినచో, అందు పోయిన సొమ్మును నావధ్యక్షుడే యిచ్చుకొనవలెను. ప్రజ నియమము తప్పిన ప్రజకు దండుగ, అధికారి నియమము తప్పిన అధికారికి దండుగ. రక్షణశాసనమునకు మూడంగము లుండవలెనని దీనివలన తేలుచున్నది. నాశము చేయువానిని శిక్షించుట యొకటి. వృత్తిమీద బ్రతుకువానిని బాధింపకుండుట రెండవది. అధికారిని సయితము బాధ్యునిజేయుట మూడవది. ఈ మూడంగములును కూడినపుడు శాసనము నిలిచినది. ఏ యంగము లోపించినను కుంటుపడినది. ఈ వ్యాసమున నేను చెప్పబూనిన దింతియే. తక్కినదంతయు దీనికి నిదర్శనము.

అశోకుని ధర్మలిపి, గణపతిదేవుని అభయము

మౌర్యచక్రవర్తి యశోకుడు తన పట్టాభిషేకమైన 26వ యేట వేయించిన అయిదవ స్తంభశాసనమున చంపరాని ప్రాణుల పట్టిక నిచ్చెను. చిలుక, గోరువంక, హంస, గబ్బిలము మొదలగువానితోపాటు కొన్ని జాతుల చేపలును అందు చేరియున్నవి. చాతుర్మాస్యపు పున్నములయందును, ఉపవాసదినములయందును చేపలను చంపరాదు, అమ్మరాదు అని యాజ్ఞాపించెను. ఆ దినములలోనే ఏనుగుల యడవులయందును, జాలరుల జలాశయములయందును ఇతరప్రాణులను సయితము చంపరాదనెను. ఇక్కడ ‘కేవటభోగము’ అను మాట వాడబడినది. కేవటుడనగా కైవర్తుడు. జాలరుల యనుభవములోనున్న జలాశయమునకు ప్రత్యేకనామ ముండెననుటకు రెండువేల రెండువందల యేండ్లనాటి యీ శిలాక్షరము సాక్షి. చక్రవర్తి యా హక్కును తీసివేయలేదు; దినములను మాత్రము నిర్ణయించెను. మన తెలుగుసీమలో కర్నూలు మండలమందలి యెఱ్ఱగుడిలో అశోకుని శిలాశాసనములు గలవు. రాజు వంటశాలలోనే ప్రాణివధను తగ్గించిన సంగతి మొదటి శిలాశాసనమున చెప్పబడినది. శాసనకర్త తన యింట మొదలుపెట్టిన నియమమును ప్రజ గౌరవించుననుటకు ఇంతకంటె నిదర్శన మేల?

పిమ్మట కాకతీయులయుగము. చెఱువు నిర్మించుట సప్తసంతానములలో నొకటిగా నెంచి, రాజులును మంత్రులును సామంతులును పోటీపడి చెఱువులు కట్టించిరి. గణపతిదేవుని కాలమున జగదాల ముమ్మడి పాకాలచెఱువును నిర్మించెను. రేచర్ల రుద్రుడు 1213 సంవత్సరమున పాలంపేటలో రామప్పగుడిని ప్రతిష్ఠించెను. ఆ గుడిచెంతనున్న చెఱువు నేటికిని నిండుచునే యున్నది. గుడి 2021 సంవత్సరమున ప్రపంచవారసత్వముగా గుర్తింపబడినది.

గణపతిదేవుడు నేలమీది నీటినే గాక సముద్రపు నీటినిగూడ తలచెను. 1244–45 ప్రాంతమున మోటుపల్లిరేవున అతడు వేయించిన శాసనము అభయశాసనమని ప్రసిద్ధము. అంతకు పూర్వము తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును రాజులు కొల్లగొట్టుచుండిరి. ఆ దురాచారమును మాన్పి, న్యాయమైన సుంకముమాత్రము గైకొని, ఓడవారి సొత్తును ఓడవారికే విడుచునట్లు గణపతిదేవుడు అభయమిచ్చెను. కౌటిల్యుడు మృగమున కిచ్చిన అభయము, కాకతీయుడు నావికుని కిచ్చిన అభయము, మాట యొక్కటే. శాసన మనగా భయపెట్టునది మాత్రమే కాదు, అభయమిచ్చునది గూడనని మన పూర్వులు తలచిరి.

వేట వినోదమైన కాలము

మధ్యకాలమున అభయవనములు వేటతోటలైనవి. నిజాముప్రభువుల యేలుబడిలో పాకాల యడవులు షికారుకు పేరుపడినవి. 1902 సంవత్సరమున రాజప్రతినిధి కర్జనుప్రభువు హైదరాబాదు రాజ్యమునకు వచ్చినపుడు మన నెక్కొండ ప్రాంతమున పులివేట జరిగెను. చచ్చిపడియున్న పులిచెంత కర్జనుదంపతులు నిలిచియున్న ఛాయాచిత్రము నేటికిని చరిత్రగ్రంథములలో కానవచ్చుచున్నది. ఆ చిత్రమున పులి యున్నది, దొర యున్నాడు, దొరసాని యున్నది. అడవిని కొట్టి పులిని తోలుకొనివచ్చిన పల్లెజను లట్టి చిత్రములయందు తఱచుగా కనబడరు. గొప్పవానికి వినోదము, పేదవానికి వెట్టి అను నీతిపై నడచిన రక్షణమున మూడంగములలో నొక్కటియు లేదు. రాజుగారి తుపాకికి మృగములను నిలువచేయుటయే దాని ప్రయోజనము.

ఆ కాలముననే ఆంగ్లేయుల పాలనలోని భూములయందు వ్రాతశాసనములు మొదలైనవి. 1873 సంవత్సరమున మదరాసు ప్రభుత్వము అడవియేనుగుల రక్షణకు చట్టము చేసెను. అదే సంవత్సరమున ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు హిందూదేశపు మంచినీటి చేపలనుగూర్చి ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. సన్నకన్నుల వలలచేతను, కాలువలలో నిలువుగా పాతిన మావులచేతను చేపపిల్లలు నశించుచున్నవని యతడు మొఱపెట్టెను. దాని ఫలముగా 1897 సంవత్సరమున మత్స్యశాసనము వచ్చెను. తోటామందు పేల్చి చేపలను చంపుటయు, నీటిలో విషము కలుపుటయు నేరములైనవి. శిక్ష రెండునెలల వఱకు చెఱ, లేక 200 రూపాయల వఱకు జుల్మానా. వలకన్నుల కొలతను నిర్ణయించుటకును, ఒక జలాశయమున రెండేండ్లకు మించకుండ చేపలవేటను నిలిపివేయుటకును ప్రభుత్వములకు అధికార మీయబడినది. నేరము చేయుచుండగా పట్టుబడి, తన పేరును ఊరును చెప్పనివానిని వారంటు లేకుండ పట్టుకొనవచ్చునని గూడ అందు కలదు.

ఈ నియమములు మన వృత్తికి హానికరములా? ఒక్క యుదాహరణమును చూతము. కొఱ్ఱమేను మన చెఱువులలోనే గ్రుడ్లుపెట్టు చేప. పిల్లలు గుంపుగా నీటిపైకి తేలుచు మునుగుచు తిరుగుచుండగా తల్లిచేపయు తండ్రిచేపయు క్రిందనుండి కాచుచుండును. ఆ సమయమున దానిని కొట్టుట మిక్కిలి సులువు. కాని కాపరి చచ్చిన మఱుగడియలో పిల్లలగుంపు ఇతరచేపల పాలగును. ఒక్క చేపతో ఆ యేటి పంటయంతయు పోవును. రవ్వు, బొచ్చె మొదలగు జాతులు నిలువనీట గ్రుడ్లు పెట్టవు, పాఱునీరు కావలెను. అందుచేతనే వానిపిల్లలను తెచ్చి చెఱువులలో విడువవలసి వచ్చుచున్నది. తెలంగాణ ప్రభుత్వము 2016 సంవత్సరమునుండి ఉచితముగా చేపపిల్లలను చెఱువులలో విడిచిన పథక మిట్టిదే. విడిచిన పిల్లను వ్రేలెడంత యున్నపుడే దోమతెరవంటి వలతో నూడ్చివేసినచో పథక మేమి చేయగలదు, ప్రభుత్వ మేమి చేయగలదు? వలకన్ను కొలత దొర వ్రాసినదైనను, దానివలన బ్రదుకునది మన బిడ్డలే.

అభయారణ్యములు, 1972 నాటి చట్టము

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైనది. తరువాత నాలుగేండ్లకే, 1952 సంవత్సరమున, పాకాల యడవి వన్యమృగసంరక్షణాలయముగా ప్రకటింపబడినది. దాని విస్తీర్ణము సుమారు 860 చదరపు కిలోమీటరులు. ఆ దశకారంభముననే గోదావరి చెంత ఏటూరునాగారపు టడవియు అట్లే ప్రకటింపబడినది. షికారుతోట యైన యడవి తిరిగి కౌటిల్యుడు చెప్పిన యభయవనమైనది.

దేశమంతటికి నొక్కటైన శాసనము 1972 సెప్టెంబరున వచ్చిన వన్యప్రాణిసంరక్షణచట్టము. అప్పటి గణనయందు దేశమున పులులు 1,827 మాత్రమే యని తేలెను. మఱుసటి సంవత్సరము పులుల సంరక్షణకై ప్రత్యేకపథకము మొదలైనది. 2022 నాటి గణనయందు ఆ సంఖ్య 3,682 అని యంచనా వేయబడినది. శాసనమువలన ప్రయోజనమేమి యని యడుగువారికి ఈ రెండంకెలే ప్రత్యుత్తరము.

ఈ చట్టమున వేట యనగా చంపుట మాత్రమే కాదు; పట్టుట, ఉచ్చుపన్నుట, ఎఱవేయుట, తఱుముట, అందుకు ప్రయత్నించుట యన్నియు వేటయే. పక్షుల గ్రుడ్లను గూళ్లను చెఱచుటయు వేటయే. సంరక్షణాలయమున ఆయుధముతో అనుమతిలేక ప్రవేశింపరాదు. రసాయనములను, ప్రేలుడుపదార్థములను వాడరాదు. 2022 సవరణానంతరము సామాన్యనేరమునకు మూడేండ్ల వఱకు చెఱ, లేక లక్షరూపాయల వఱకు జుల్మానా, లేక రెండును. మొదటిపట్టికలోని ప్రాణుల విషయమున మూడేండ్లకు తక్కువకాని, ఏడేండ్లకు మించని చెఱయు, 25,000 రూపాయలకు తక్కువకాని జుల్మానాయు తప్పవు.

మనవారు ముఖ్యముగా నెఱుగవలసిన దొకటి కలదు. మన చెఱువులలో తఱచుగా వలలో పడు మెత్తనిచిప్ప తాబేలు ఈ మొదటిపట్టికలోనిది. మొసలియు, నీరుకుక్కయు నట్టివే. చేపలతో వచ్చినదికదా యని తాబేలును సంతకు తీసికొనిపోయినవాడు, తా నెఱుగకయే పులిని చంపినవాని వరుసలో నిలుచుచున్నాడు. వలలో పడుట నేరము కాదు. పడినదానిని విడువకుండుట నేరము. వల విప్పి నీటిలో విడిచినచో కథ యచటితో ముగియును.

ఇక రెండవ యంగము. ఈ చట్టమున వృత్తిదారుని స్థానమేమి? సముద్రజలములు చేరిన సంరక్షణాలయములను ప్రకటించునపుడు స్థానిక జాలరుల వృత్తిప్రయోజనములను కాపాడు ఏర్పాటులు చేసిన పిమ్మటనే హద్దులు నిర్ణయింపవలెనని చట్టమే చెప్పుచున్నది. అట్టి సంరక్షణాలయమునకు పదికిలోమీటరులలోపల నివసించు జాలరి, వ్యాపారపు వేటకు వాడని పడవపై పొరపాటున లోపల ప్రవేశించినచో వాని వలను గాని సాధనములను గాని జప్తుచేయరాదని సోదాల ప్రకరణముననే మినహాయింపు కలదు. రెండువేల సంవత్సరముల క్రిందట రేవుదండుగనుండి కైవర్తుని విడిచిన కౌటిల్యుని నియమమును ఈ మినహాయింపుతో పోల్చిచూడుడు. రెంటికిని ఒకే హృదయము. అయితే యీ మినహాయింపు సముద్రజలములకే పరిమితమైనది. చెఱువులకును నదులకును వర్తింపదు. లోతట్టు జాలరికిని ఇట్టి నియమము కావలెనని కోరుట న్యాయమే యని నా మనవి.

మూడవ యంగమును ఇందు కలదు. అటవీశాఖాధికారికి సోదాచేయుటకును, పట్టుకొనుటకును, జప్తుచేయుటకును అధికారము కలదు. కాని పట్టుకొనిన మనుష్యుని జాగుచేయక న్యాయాధికారియెదుట నిలుపవలెను. తగిన కారణము లేక వేధించుటకై జప్తుచేసిన యధికారికి ఆఱునెలల వఱకు చెఱయో, 500 రూపాయల వఱకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. మునిగిన పడవకు నావధ్యక్షుని బాధ్యుని జేసిన ధర్మమే యిది. మనలో పలువు రీ సంగతి నెఱుగరు. ఎఱుగనివాడు అధికారిని చూచి పాఱిపోవును. పాఱిపోయినవాడు దొంగవలె కనబడును.

కొల్లేటి పాఠము

అంగములు తప్పినపు డేమగునో తెలియుటకు కృష్ణాగోదావరుల నడుమనున్న కొల్లేటిని చూడవలెను. మంచినీటి సరస్సులలో మిక్కిలి పెద్దవానిలో నొకటియైన యీ కొల్లేటియందు తరతరములుగా వలవేసి బ్రతుకు జాలరుల గ్రామములు కలవు. గత శతాబ్దపు చివరిభాగమున సరస్సు గర్భముననే గట్లుపోసి చేపలగుంటలు త్రవ్వుట విపరీతమయ్యెను. పెక్కుచోట్ల పేరు జాలరిది, పెట్టుబడి పైవానిది, లాభమును పైవానిదే. నీటి దారులు మూసికొనిపోయెను, పక్షులు తగ్గెను. 1999 అక్టోబరున అయిదడుగుల మట్టమువఱకు 308 చదరపు కిలోమీటరుల ప్రాంతము పక్షిసంరక్షణాలయముగా ప్రకటింపబడినది. 2002 సంవత్సరమున కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో చేరినది. ఐనను గుంటలు పోలేదు. తుదకు 2006 సంవత్సరమున ప్రభుత్వయంత్రములు వచ్చి గట్లను తెగగొట్టినవి.

ఎవరిది తప్పు? గుంటలను త్రవ్వుచుండగా చూచుచు నూరకున్న యధికారము మూడవ యంగమును మఱచినది. గుంటలు పోయిన తరువాత కూలికూడు లేని జాలరి యేమగునని ముందుగా నాలోచింపని విధానము రెండవ యంగమును మఱచినది. తన పేరును పైవాని పెట్టుబడికి అద్దెకిచ్చిన మన జాలరి మొదటి యంగమునకు దూరమైనాడు. ఇందు మన పాలును ఒప్పుకొనక తప్పదు. చెఱువుహక్కును సహకారసంఘము పేర సంపాదించి, పిదప దానిని లోపాయకారిగా పెట్టుబడిదారునకు ధారపోయుట మన సీమలోను వినరాని మాట కాదు. కొల్లేరు దూరముననున్నదని మన మనుకొనరాదు.

పడవ మునిగినపుడు

పడవ విషయము చిన్నదని తోచవచ్చును. పాకాల, లక్నవరము, రామప్ప చెఱువులయందు నేడు విహారనౌకలు తిరుగుచున్నవి. వానిని చూడ పిల్లలతో సహా వేలకొలది జనులు వచ్చుచున్నారు. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదలోనుండగా పాపికొండలకు బయలుదేరిన విహారనౌక కచ్చులూరుచెంత మునిగిపోయెను. ఎక్కిన 77 మందిలో నలువదిమందికి పైగా మరణించిరి. మృతులలో మన వరంగల్లు సీమవారును కలరు. వరదలో నౌకను కదలనిచ్చిన దెవరు, తనిఖీ యేమైనది యను ప్రశ్నలు అపుడు దేశమంతట వినబడినవి. సాధనహీనమైన పడవకు అధ్యక్షుడే యుత్తరవాది యన్న కౌటిల్యుని వాక్యార్థ మానాడెందఱికి జ్ఞప్తికి వచ్చెనో!

ఆ దుర్ఘటనయందు గుర్తింపదగిన విశేషము లింకను రెండు కలవు. మునుగుచున్నవారిని మొదట రక్షించినవారు నాటుపడవలపై పరుగెత్తివచ్చిన కచ్చులూరు గిరిజనులు. అడుగున చిక్కుకొనిన నౌకను 38 దినముల తరువాత వెలికి తీసినవారు కాకినాడవాడైన ధర్మాడి సత్యముగారును ఆయన జట్టువారును. నీటినెఱిగిన జనుల సాయము లేక ఏ శాఖయు నీటిని పాలింపజాలదు.

అధికారి యెట్టివాడై యుండవలెను

అధికారిని గూర్చియు నొక్కమాట. రాజమహేంద్రవరమున 1954 సంవత్సరమున జన్మించిన పందిళ్లపల్లి శ్రీనివాసుగారు కర్ణాటక యటవీశాఖలో నున్నతోద్యోగిగా నుండి, ఏనుగుల దంతములకై యడవులను చెఱచిన వీరప్పను ముఠాను ఎదిరించిరి. ఆయన విధానము విలక్షణమైనది. వీరప్పను పుట్టిన గోపీనాథమునకే పోయి, ఆ పల్లెజనులకు మారియమ్మగుడి కట్టించి, వైద్యసాయము సమకూర్చి వారి మనసు గెలిచెను. పల్లె తనవైపు తిరిగినపుడే దొంగ యడవిలో నొంటివాడగునని యాయన గ్రహించెను. లొంగిపోయెదనన్న మాటను నమ్మి ఆయుధము లేక యేగి 1991 నవంబరు 10వ తేదీన హతుడయ్యెను. భారతప్రభుత్వము మరణానంతరము కీర్తిచక్రముతో గౌరవించినది. ఆయన ప్రాణము పోయినది. కాని ఆయన కట్టించిన గుడిలో ఆ పల్లెవా రాయన చిత్రమును సయితము నిలుపుకొనిరి. బెదిరించి సంపాదించిన విధేయత బదిలీతో పోవును. ఆదరించి సంపాదించినది మరణముతోను పోదు.

మన సీమలో బీటు అధికారి యనగా తఱచుగా పాతికేండ్ల పడుచువాడు, లేదా పడుచుపిల్ల. చేతిలో కఱ్ఱయో సెల్‌ఫోనో తప్ప వేఱొండు లేక మైళ్లకొలది యడవిని కాయుచున్నారు. వారిలో మన బడులలో చదివిన పిల్లలును కలరు. వారిని శత్రువులుగా నెంచుట న్యాయము కాదు.

మన కర్తవ్యము

చరిత్ర చదివి యూరకుండుట విద్య కాదు. కావున ఈ సభవారికి కొన్ని మనవులు.

మొదటిది: విద్యుత్తీగలతో అడవిపందులకు ఉచ్చులు పన్నుటయు, చెఱువున కరెంటు పెట్టి చేపలను చంపుటయు, విషము కలుపుటయు, తోటాలు పేల్చుటయు మన యూళ్లలో ఎవడు చేసినను, వాడు మన కులమువాడైనను పరకులమువాడైనను, దాచరాదు. ఆ తీగ పందినే చంపునని యెవడు చెప్పగలడు? తెల్లవాఱుజామున పొలమునకు పోవు రైతును, పసులకాపరిని, వలకు పోవు మన తమ్ముని గూడ చంపును. నేరస్థుని కులాభిమానముచే దాచుట కులమునకు సేవ కాదు.

రెండవది: చేపలు గ్రుడ్లుపెట్టు కాలమును, వలకన్ను కొలతను ప్రతి చెఱువు సహకారసంఘమును తానే నిర్ణయించుకొని, పుస్తకమున వ్రాసికొని, సభ్యులందఱిచేత సంతకములు చేయింపవలెను. తనకుతానై పెట్టుకొనిన కట్టడిని మీఱుటకు మనిషి సిగ్గుపడును. పూర్వము నీరటికాడు తూము దగ్గర నిలిచి నీటిని పంచినట్లు, సంఘమునుండి ఇద్దఱు పెద్దలు చెఱువును కాయవలెను.

మూడవది: వన్యప్రాణిచట్టములోను, మత్స్యశాసనములోను జాలరికి సంబంధించిన భాగములను తేటతెలుగున వ్రాయించి సంఘపు పఠనాలయమున నుంచవలెను. శిక్షల భాగమును మాత్రమే కాక, జప్తు, సోదా, అధికారి బాధ్యతల భాగమును గూడ వ్రాయింపవలెను. వల జప్తయినపుడు రసీదు అడుగుటకును, అన్యాయము జరిగినపుడు పైయధికారికి వ్రాతమూలముగా విన్నవించుటకును మన యువకులు నేర్వవలెను. కేకలువేసినవాని మాట గాలిలో పోవును. వ్రాసినవాని మాట దస్త్రమున నిలుచును.

నాల్గవది: సంరక్షణాలయముల చెంతనుండు జాలరుల వృత్తినిగూర్చి ప్రభుత్వముతో మాటలాడునపుడు మనము దోషుల రక్షణకై గాక, వృత్తిదారుల రక్షణకై మాటలాడుచున్నట్లు స్పష్టము చేయవలెను. చెఱువును కాచినవానికే చెఱువుహక్కు నడుగు నోరుండును.

జఫర్‌గఢ్ కోటగోడలు కాలవశమున కూలుచున్నవి. వానిని నిలుపుట పురావస్తుశాఖ పని. కాని చెఱువును, చేపను, అడవిని కాచు శాసనమను కోటకు రాయి మనము, సున్నము మనము, కాపరి మనము. అధికారి యొక్కడే దానిని కాయజాలడు; మన మొక్కరమే కాయజాలము. ఇరువురును కలిసి కాచినపుడే మన మనుమలు మన చెఱువులో వలవేయుదురు, మన గుట్టలలో నెమలికూత విందురు.

సంఘమునకు శ్రేయస్సగు గాక. చెఱువులు నిండుగాక. ఇతి శమ్.